సుభాషిణి తిరిగొచ్చే చోటు

మా తోటికోడలు సుభాషిణిని దుకాణంలో చూసినవాళ్లెవరూ ఆమెను ఆటల మనిషి అనుకోరు. నలభై దాటాయి, కాస్త బొద్దుగా ఉంటుంది, ముక్కుకు రాళ్ల ముక్కుపుడక, కుచ్చిళ్లు ఎత్తి నడుములో దోపుకునే అలవాటు. వరంగల్ స్టేషన్ రోడ్డులో మాది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొస్తే దానికి సరిపోయే జాకెట్ బట్ట, ఫాల్, లైనింగ్ ఇస్తాం. పరకాల నుంచి, మరిపెడ నుంచి పెళ్లిళ్లవాళ్లు చీరల మూటలతో దిగి, "గీ చిలకపచ్చకు గదే చిలకపచ్చ గావాలె" అని నిలబడతారు. నాకైతే గోడంతా చిలకపచ్చే కనబడుతుంది, తీసింది ఒక్కటీ సరిపోదు. సుభాషిణి చీర అంచు ఒక్కసారి చూసి, గోడ పొడుగునా పేర్చిన థాన్లలోంచి ఒకటి లాగుతుంది. అదే సరిపోతుంది. నాకు ఒళ్లు మండుతుంది. పెద్దకోడలిని నేను, పేరు సుకన్య. ఆమె కంటే ముందు నుంచీ ఆ కౌంటర్ వెనక నిలబడుతున్నదాన్ని.

దుకాణం మా అత్తమ్మ కట్టమ్మది, మాటా ఆమెదే. కొడుకులిద్దరూ సరుకు కోసం సూరత్ అనీ హైదరాబాద్ అనీ తిరుగుతుంటారు. కౌంటర్ ఆడవాళ్లది. ఇంటికి వచ్చిన కోడలికి అత్తమ్మ మొదటిరోజే ఒక పద్ధతి నేర్పుతుంది. బట్ట తెచ్చి చీర మీద పరిచాక, కస్టమర్ ఔననో కాదనో అనేదాకా దాని మీది చెయ్యి తీయకూడదు. "చెయ్యి దీసినవనుకో, ఆమె సూపు ఎదురు దుకాణం దిక్కు పోతది. ముఖం సూడు, చెయ్యి కదపకు" అంటుంది. నేను నేర్చుకున్నాను, సుభాషిణి నాకంటే బాగా నేర్చుకుంది. కస్టమర్ ఔనన్నాక ఆ థాను తీసుకుని కౌంటర్ నడుమకు రావాలి. అక్కడ చెక్క అంచుకు మేకులు కొట్టిన ఇత్తడి మీటరు ఉంటుంది. ఏ మూల నుంచి లాగిన బట్టైనా ఆ మీటరు దగ్గరికి వచ్చి కొలుచుకుని, కత్తెర వేయించుకుని పోవాల్సిందే.

ఇక టేబుల్ టెన్నిస్ సుభాషిణికి కూతురి వల్ల అంటుకుంది. ఒక ఎండాకాలం సెలవుల్లో దీప్తిని హన్మకొండలో ఒక ఇండోర్ హాల్లో ఆట నేర్పే సారు దగ్గర చేర్పించింది. దీప్తి వారం తిరక్కుండానే కాళ్లు నొప్పులంటూ మంచమెక్కి ఫోన్ పట్టుకుంది. చేర్పించాక ఊరికే మానెయ్యడమెందుకని తల్లి బ్యాట్ పట్టుకుంది. చిన్నప్పుడు బళ్లో కొంచెం ఆడేదట. నాలుగు రోజుల ముచ్చటే కదా అనుకున్నాం మేమంతా. ఏళ్లు గడిచినా పొద్దున్నే స్కూటీ తీసి హన్మకొండ పోవడం, దుకాణం తెరిచే వేళకు తడిసిన జుట్టుతో తిరిగి రావడం మానలేదు.

నేర్పే సారు పేరు భానుచందర్. ఏదో బళ్లో డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యాడు గానీ విజిల్ మాత్రం ఇంకా మెడలోనే ఉంది. ఆయన సుభాషిణితో మొదటిరోజు నుంచీ మొత్తుకునేది ఒక్కటే. "మేడం, కొట్టుడు మీకు మంచిగ వచ్చింది. కొట్టినంక వాపస్ వచ్చుడే రాలే." ఆ ఆటలో బంతిని కొట్టగానే బల్ల నడుమకు, ఒకడుగు వెనక్కి తిరిగి రావాలి. మోకాళ్లు వంచి, మడమలు కొంచెం లేపి, బ్యాట్ ఎదురుగా పట్టుకుని, అవతలివాళ్లు కొట్టే క్షణానికి చిన్నగా ఎగిరి దిగాలి. అప్పుడే బంతి ఎటు వస్తే అటు పోగలరు. దాన్ని రికవరీ అంటారు. సుభాషిణి దెబ్బ మాత్రం దెబ్బే, హాలంతా తలతిప్పి చూసేది. కానీ కొట్టాక చాచిన చెయ్యి అలాగే గాల్లో పెట్టి, బంతి వంక చూస్తూ నిలబడిపోయేది. అది తిరిగి ఇంకో మూలకు వచ్చేసరికి ఈమె ఇంకా మొదటి మూలలోనే ఉండేది.

ఈ సంగతి కాజీపేట మానస కనిపెట్టింది. రైల్వే క్వార్టర్స్‌లో ఉంటుంది, ఎడమచేతి వాటం, సన్నగా, చిరునవ్వు చెరక్కుండా ఆడుతుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిని మరీ కోపం తెచ్చుకోవాలనిపిస్తుంది. జిల్లాలో నలభై దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి పోటీ పెడతారు. అందులో గెలిచినామే రాష్ట్ర పోటీలకు పోతుంది. మానస ఒక బంతి కుడివైపు దూరంగా వేసేది. మా సుభాషిణి ఉరికిపోయి కొట్టేది, కొట్టి నిలబడేది. తర్వాతి బంతి ఎడమ మూలకు. అంతే, ఖతం. ప్రతి ఏడూ ఇదే తంతు.

పోయినేడు ఓడిన ఆదివారం దుకాణంలో కూడా రభస అయింది. పెళ్లిళ్ల సీజన్లో ఆదివారమంటే మాకు ఊపిరాడదు. కేసముద్రం నుంచి ఒక పెళ్లివారు పెద్ద మూటతో వచ్చారు. సుభాషిణి లేదు. నేను తీసిన రంగులు వాళ్లకు నచ్చలేదు. మూట కట్టుకుని, మా కళ్లముందే రోడ్డు దాటి ఎదురు దుకాణం మెట్లెక్కారు. అత్తమ్మ గల్లా దగ్గరి నుంచి అంతా చూసింది. సుభాషిణి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా అప్పుడు నోరు తెరిచింది.

"ఇగో చిన్నదానా, మొకం మీదనే చెప్తాన. నువ్వు ఆడుకుంటె నేనేం అద్దనలే. వచ్చే యేడు ఇంకొక్కపారి జూస్త. గెల్సినవా, నీ ఇష్టమున్నట్టు ఆడుకో. ఓడినవా, ఆ బ్యాట్ తెచ్చి నా గల్లాపెట్టెల పెట్టు. ఇగ హన్మకొండ ముచ్చట ఎత్తద్దు."

సుభాషిణి తలూపింది. తర్వాత వంటింట్లోకి వచ్చి బియ్యం కడగడం మొదలుపెట్టి, కడిగిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ కడుగుతూ కూర్చుంది. "అక్కా, పొద్దందాక పదిమంది ముఖాలు జూస్త. ఆడ ఉన్నంతసేపే నేను నాకోసం ఉంట. గది గూడ పోతె ఎట్లనే?" అంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. అత్తమ్మ మీదో, కేసముద్రం వాళ్ల మీదో, ఆ మానస నవ్వు మీదో తెలియదు. "ఏడుపు బంద్ చెయ్. ఏం జెయ్యాల్నో చెప్పు, నేను జేస్త" అని నోరు జారాను.

అలా నేను బంతులు వేసే మనిషినయ్యాను. పొద్దున్నే ఇద్దరం స్కూటీ మీద హాలుకు పోయేవాళ్లం. సారు ముందు తాళ్లతో అల్లిన నిచ్చెన నేల మీద పరిచేవాడు. ఒక్కో గడిలో రెండు పాదాలూ వేస్తూ చకచకా పక్కకు జరగాలి. తర్వాత బంతి లేకుండానే బల్ల ముందు అటూ ఇటూ జరుగుతూ బ్యాట్ ఊపాలి. కాలు మీద కాలు అడ్డం పడకూడదు, ఎగిరెగిరి పరుగెత్తకూడదు, నేలను రాసుకుంటూ పోవాలి. చివరికి నా వంతు. బుట్టలోంచి ఒక్కో బంతీ తీసి ఎడమ మూలకు, నడుమకు, కుడి మూలకు వరసగా కొట్టాలి. ఆమె మూడూ అందుకుని, ప్రతి దెబ్బ తర్వాతా నడుమకు రావాలి. నా బంతులు మొదట్లో మూలలకు పోలేదు, సారు బట్టతలకు పోయాయి. "పెద్ద మేడం, మీది మంచి గురి" అనేవాడు తల రుద్దుకుంటూ. సుభాషిణి కాళ్లు మాత్రం నెలలు గడిచేకొద్దీ తేలికయ్యాయి. కాళ్లు కదిలాయి గానీ చెయ్యి వదల్లేదు. మూలకు పోయేది, కొట్టేది, అక్కడే ఆగిపోయేది.

"మేడం, మీ చెయ్యి ఎవలన్న గుంజి పట్టుకుంటాన్రా?" అని సారు నెత్తి పట్టుకునేవాడు.

హాల్లో సమయం చాలక దుకాణంలో కూడా మొదలుపెట్టాం. అత్తమ్మ వచ్చేలోపు షట్టర్ సగం లేపి, ఆమె కౌంటర్ వెనకా నేను ముందూ నిలబడి బంతులు వేసేదాన్ని. సగం బంతులు థాన్ల సందుల్లోకి దూరేవి. ఒకరోజు మరిపెడ నుంచి వచ్చినామె ఆకుపచ్చ థాను విప్పమంది. విప్పుతుంటే మడతల్లోంచి తెల్ల బంతి ఎగిరి కౌంటర్ మీద టకటకా దూకుతూ అత్తమ్మ ఒళ్లో పడింది. "గీ గుడ్డు గూడ మ్యాచింగేనా?" అంది మరిపెడామె. అత్తమ్మ ఆ బంతిని రెండువేళ్లతో పైకెత్తి, నన్ను చూసి, సుభాషిణిని చూసి, గల్లాపెట్టె తీసి అందులో వేసి మూసింది. బ్యాట్ కంటే ముందు బంతి పోయింది లోపలికి అనుకున్నాను, నవ్వాలో భయపడాలో తెలియలేదు.

పోటీ ఇంకో నెల ఉందనగా ఒక మధ్యాహ్నం దుకాణం కిటకిటలాడుతోంది. పరకాల నుంచి ఆడపెళ్లివారు, ఇంటిల్లిపాదీ వచ్చారు. నాకు మోకాలు సలుపుతుంటే స్టూలు మీద కూలబడి సుభాషిణిని చూస్తున్నాను. కౌంటర్ వెనక దారి ఇరుకు, ఎదురుగా ఇంకో మనిషి వస్తే పట్టదు. అందులో ఆమె పక్కపక్కకు నేల రాసుకుంటూ ఈ చివరకు పోతుంది, ఆ చివరకు పోతుంది, కాలికి కాలు తగలదు. థాను లాగింది, పెళ్లికూతురి తల్లి ముందు పరిచింది. చెయ్యి పెట్టింది. ఆగింది. ఆమె ముఖంలోకి చూస్తూ, చాచిన చెయ్యి కదపకుండా అలాగే నిలబడింది. అది చూడగానే నాకు అర్థమైంది.

"అవ్వో! గదేనే!" అని స్టూలు మీంచి లేచాను. పరకాల వాళ్లు ఉలిక్కిపడ్డారు. "ఏందక్కా, పామా?" అంది సుభాషిణి.

వాళ్లు వెళ్లేదాకా ఎలా ఆగానో నాకే తెలుసు. వెళ్లగానే ఆమె రెక్క పట్టుకున్నాను. "చిన్నా, నిజం చెప్పు. ఆడ బంతి కొట్టినంక నిలబడి ఏం జూస్తవే?"

"ఏమోనక్కా. అది ఔనంటదా, కాదంటదా అని చూస్తనేమో." అనేసి, తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీ పాడుగాను! బంతి కస్టమరానే? దాని మొకం సూసుడేంది?"

"మరేం జెయ్యాలె? పెండ్లయిన కాడ్నించి గిట్లనే నిలబడ్తాన. చెయ్యి దానంతటదే ఆగుతాంది."

ఈ తప్పు ఇంకెవరూ చెయ్యరు, మా కౌంటర్ వెనక నిలబడ్డ ఆడవాళ్లే చేస్తారు. నాకు జాలేసింది, ఆ వెంటనే ఉషారూ వచ్చింది. "సరే, కస్టమర్ ఔనన్నది. ఇగ ఏం జేస్తవ్?" అన్నాను.

"మీటరు కాడికొస్త."

"గంతే కదనే! కొట్టు. కొట్టంగనే అది ఔనన్నదనుకో. మీటరు కాడికి రా."

ఆమె కాసేపు ఆ ఇత్తడి మీటరు వంక చూసింది. తర్వాత ఒట్టి చేత్తో గాల్లో కొట్టి, చప్పున నడుమకు జరిగింది. ఇంకోవైపు కొట్టి, మళ్లీ నడుమకు. అలా కొడుతూనే నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు నేను ఆమె పెళ్లయిన కొత్తలో చూశాను, మళ్లీ అప్పుడే చూడటం.

మర్నాడు జరీ అంచు ముక్క ఒకటి తీసుకుపోయి, హాల్లో బల్ల వెనక, నడుమన ఒకడుగు దూరంలో నేలకు అంటించాను. సారుకు సంగతంతా చెబితే ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత విజిల్ మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇగ విజిల్ లేదు మేడం. మీటర్ అంటా, వచ్చెయ్యాలె." నేను బంతి వేస్తాను, ఆమె కొడుతుంది, సారు "మీటర్!" అంటాడు, ఆమె జరీ ముక్క మీదికి వచ్చి పడుతుంది. పక్క బల్లల దగ్గరి పిల్లలు కూడా నేర్చుకుని అందరూ కలిసి అరిచేవాళ్లు. మొదట్లో ఆలస్యంగా వచ్చేది. తర్వాత అరుపు పూర్తికాకముందే వచ్చేది. చివరి వారం మేమెవరం అరవనక్కర్లేకపోయింది, మాకే ఏదో వెలితిగా ఉండి అరిచేవాళ్లం.

పోటీ ఆదివారం. ఎప్పటిలాగే నిండు పెళ్లిళ్ల సీజన్. ఇద్దరు కోడళ్లం బయల్దేరుతుంటే అత్తమ్మ గల్లా దగ్గర కూర్చుని వక్క కొరుకుతోంది. "మాట యాదికున్నదా?" అంది. "ఉన్నదత్తమ్మా" అంది సుభాషిణి. నేను చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ మెట్లు దిగాను, ఆమెకు వినబడాలనే.

ముందు మ్యాచ్‌లు తేలిగ్గా అయిపోయాయి. ఫైనల్లో మళ్లీ మానసే, మళ్లీ అదే నవ్వు. ఐదు గేముల్లో మూడు గెలవాలి. మొదటి గేములో మా సుభాషిణి నేర్చుకున్నదంతా మరిచిపోయింది. కుడివైపు పోయి కొట్టింది, చెయ్యి చాచి నిలబడింది, ఎడమవైపు బంతి పోయింది. మళ్లీ, మళ్లీ. భయానికి పాత అలవాటే తోచింది పాపం. "మీటరే!" అని నేను కేక వేశాను. అంపైర్ నా వైపు వేలు చూపించాడు. పక్కనున్నామె, "బట్టలు అమ్మనీకి వచ్చినవా అక్కా?" అంది. ఆమెకు తర్వాత జవాబు చెబుదామని ఊరుకున్నాను.

గేము పోయింది. నీళ్లసీసా తీసుకుని పోయి సుభాషిణి చేతికిచ్చాను. "నాతోని కాదక్కా. బ్యాట్ గల్లాలకే పోతది."

ఓదార్చడం నాకు చేతకాదు. "ఏం జూస్తానవే నిలబడి? ఆ మానస నీ బంతి కొనుక్కపోతదనుకుంటానవా? ఆమె కొనది! నువ్వు కోసి పంపియ్యి!" అని తిట్టాను. సుభాషిణి బిత్తరపోయి నన్ను చూసింది, తర్వాత నోట్లో నీళ్లు బయటికి వచ్చేలా నవ్వింది. భానుచందర్ సారు కూడా నవ్వాడు. అలా నవ్వుకుంటూనే బల్ల దగ్గరికి పోయింది.

ఆ తర్వాత చూడాలి! మానస కుడివైపు దూరంగా వేసింది, ఈమె పోయి కొట్టింది. మానస ఎప్పటిలాగే ఎడమ మూలకు వేసింది, పాయింట్ వచ్చేసిందని సగం వెనక్కి తిరిగింది కూడా. కానీ ఎడమ మూల ఖాళీగా లేదు. మా సుభాషిణి అక్కడుంది! అక్కడ కొట్టి, తిరిగి నడుమకు వచ్చేసింది. నేలమీద జరీ ముక్క లేకపోయినా అదే చోటికి వచ్చింది. మానస నవ్వు అప్పుడు మొదటిసారి ఆగింది. రెండో గేము మాది, మూడోదీ మాది. నేను ఎవరినో పట్టుకుని ఊపేస్తున్నాను, చూస్తే బట్టలు అమ్మనీకి వచ్చినవా అన్న ఆవిడే. ఆమె కూడా నన్ను పట్టుకుని ఊపుతోంది.

నాలుగో గేము మానస లాక్కుంది. ఆమె ఊరికే గెలవలేదు ఇన్నేళ్లూ, ఆ మాట ఒప్పుకోవాలి. ఐదోది మొదలయ్యేటప్పుడు హాలు తలుపు దగ్గర ఏదో గలాటా. తిరిగి చూస్తే అత్తమ్మ. నడుములో దుకాణం కత్తెర దోపుకుని ఉంది, గేటు దగ్గరి మనిషి అది చూసి ఆపుతున్నాడు. "నా కోడలు ఆడుతాంది, తప్పుకో" అని అతన్ని పక్కకు జరిపి వచ్చి నా పక్కన కూర్చుంది.

"దుకాణమెవలు జూస్తాన్రు?" అన్నాను నోరు తెరిచి.

"షట్టర్ గుంజి వచ్చిన. కూసోబుద్ధి కాలే. జర సప్పుడు జేయకు, సూడనియ్యి."

పెళ్లిళ్ల సీజన్లో ఆదివారం మా షట్టర్ దిగడం నా కాపురంలో చూడలేదు. సుభాషిణికి ఈ సంగతి తెలియదు, ఆమె ఇటు చూడనే లేదు. ఇద్దరూ పాయింట్ పాయింట్‌కూ అంటిపెట్టుకుని పోయారు. చివరికి ఒక్క పాయింట్ వస్తే మాది. అత్తమ్మ నా మోకాలు పట్టుకుంది, సలిపే మోకాలే. నేను కిక్కురుమనలేదు.

మానస కుడి మూలకు వేసింది. సుభాషిణి పోయి కొట్టి తిరిగొచ్చింది. ఎడమ మూలకు వేసింది. పోయి కొట్టి తిరిగొచ్చింది. మళ్లీ కుడి, ఇంకా దూరంగా, బల్ల పక్కనుంచి జారిపోయేలా. అందదనుకున్నాను. కాళ్లు నేల రాసుకుంటూ పోయాయి, అందుకుంది, తిరిగొచ్చింది. ఈసారి మానస బలమంతా పెట్టి ఎడమ మూలకు కొట్టింది. ఎన్నో ఏళ్లుగా మా సుభాషిణి ఓడిపోతూ వచ్చిన బంతి అదే. ఆమె ముందే అక్కడికి జరిగి, దాన్ని మానసకు అందనంత దూరం పంపించింది.

బంతి అవతల గోడకు తగిలి దొర్లింది. హాలు హాలంతా లేచింది. మానస చెయ్యి చాచి బల్ల చుట్టూ నడిచి వస్తోంది. మా సుభాషిణి మాత్రం నడుమకు తిరిగొచ్చి, మోకాళ్లు వంచి, బ్యాట్ ఎదురుగా పట్టుకుని, రాని బంతి కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. అంపైర్ పేరు పిలిచినా వినబడలేదు.

అప్పుడు అత్తమ్మ లేచి, స్టేషన్ రోడ్డు మీద కస్టమర్లను పిలిచే గొంతుతో అరిచింది. "బేరం అయిపోయింది బిడ్డా! గెల్సినవ్! ఇగ లేసి నిలబడు!"

సుభాషిణి తల తిప్పి అత్తమ్మను చూసింది. నిలబడింది, నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాకెందుకు ఏడుపొచ్చిందని అడక్కండి, నేనూ ఆ బుట్టలు మోసినదాన్నే. మానస ఆమెను వాటేసుకుని, "ఇన్నొద్దులు ఏడ దాచినవ్ గీ కాళ్లు?" అంది. దగ్గర్నుంచి చూస్తే ఆమె నవ్వు అంత చెడ్డదేం కాదు.

అత్తమ్మ బల్ల దగ్గరికి పోయేసరికి సుభాషిణి ఏమనుకుందో, చేతిలోని బ్యాట్‌ను ఆమెకే అందించింది. అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది. "నాకెందుకే? రాష్ట్రంల ఉత్త చేతులతోని ఆడుతవా?" అంది. తర్వాత కొంగు ముడి విప్పి గల్లాపెట్టెలోకి పోయిన ఆ తెల్ల బంతిని తీసి, అది కూడా ఇచ్చింది.

స్కూటీ అక్కడే వదిలి, ముగ్గురం ఒకే ఆటోలో తిరిగొచ్చాం. అత్తమ్మ సుభాషిణి చేతిమీద తన చెయ్యి పెట్టుకుని కూర్చుంది, హన్మకొండ చౌరస్తా దాటినా, హంటర్ రోడ్డు దాటినా, ఆటో దిగినా తీయలేదు. దుకాణం ముందు ఎవరో పెళ్లివారు మూటలతో మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "గీ సీజన్ల దుకాణం బంద్ జేసుడేందమ్మా?" అని కోపంగా లేచారు.

"మా చిన్నకోడలు గెల్సింది" అంది అత్తమ్మ. అప్పుడు చెయ్యి తీసి, షట్టర్ లేపింది.